గేజీ ముల్లు ఎరిగిన చేతులు

అనంతపురం మెట్టలోకి బోరు బండి వచ్చిందంటే ఊరంతా నీళ్ల కోసం చూస్తుంది. నేను లివర్ల దగ్గర నిలబడ్డ డ్రిల్లర్ చేతులు చూస్తాను. బండరాతిలో ఆరున్నర అంగుళాల బోరును వెయ్యి అడుగులు వంకర లేకుండా దించడం ఎంత గొప్ప విద్యో తెలియాలంటే సిలిండర్ లెక్క తెలియాలి.

ఒత్తిడిని పిస్టన్ వైశాల్యంతో గుణిస్తే బలం. మూలం పాస్కల్ సూత్రం. 1795లో ఇంగ్లండ్ ఇంజినీరు జోసెఫ్ బ్రామా దాంతో హైడ్రాలిక్ ప్రెస్ చేసి పేటెంట్ పొందాడు. చరిత్ర ఇంత చాలు, బండి దగ్గరికి వద్దాం. రాడ్లను దించి ఎత్తే ఫీడ్ సిలిండర్ లోపలి వ్యాసం 12.5 సెంటీమీటర్లు అనుకోండి. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ 0.785తో గుణిస్తే దాదాపు 122.7 చదరపు సెంటీమీటర్లు. గేజీ చదరపు సెంటీమీటరుకు 150 కిలోలు చూపితే బలం 18,400 కిలోలు. ఆయిల్ అవతలి వైపు నుంచి వస్తే పిస్టన్ కడ్డీ చోటు తీసేయాలి. 9 సెంటీమీటర్ల కడ్డీ ఉంటే మిగిలేది 59.1 చదరపు సెంటీమీటర్లే, బలం 8,860 కిలోలే. గొలుసుతో కదలికను రెట్టింపు చేసే బండ్లలో బలం మళ్లీ సగమవుతుంది. నిండు వైపు 9,200 కిలోలు, అందులోనూ రాపిడి పోను. అందుకే నిండు వైపు ఎత్తే పనికి ఉండాలి.

అసలు పనితనం ఇక్కడ మొదలవుతుంది. ఈ సైజు బిట్టు మీద సుమారు ఒకటిన్నర టన్నుల బరువు చాలు. ఇరవై అడుగుల డ్రిల్ రాడ్డు నూరు కిలోలనుకుంటే, 300 అడుగులకే రాడ్ల బరువు అంత అవుతుంది. అక్కడి నుంచి నొక్కకూడదు, పట్టి ఆపాలి. వెయ్యి అడుగుల దగ్గర ఐదు టన్నులు వేలాడుతుంటాయి, మూడున్నర టన్నులు మోయాలి. గొలుసు వల్ల సిలిండర్‌కు అది ఏడు టన్నులు, అంటే గేజీలో 57 కిలోలు. పైన రాడ్లను తిప్పే హెడ్ బరువు దీనికి అదనం. కల్యాణదుర్గం వైపు నేను చూసిన ఒక డ్రిల్లర్ రాడ్డు మారిన ప్రతిసారీ లివర్ని వెంట్రుకవాసి సర్దేవాడు. అడుగున బిట్టును కొట్టే హ్యామర్ మోత మారగానే రాతిలో పగులు వచ్చిందని చెప్పేవాడు, మరుక్షణం పైకొచ్చే పొడి రంగు మారేది. ఆహా, ఆ చేయి! తమిళనాడులోని తిరుచెంగోడు బండ్ల వాళ్లు ఈ పనిలో ఘనులే. కానీ వాళ్ల దగ్గర నేర్చిన మన సీమ కుర్రాళ్లు ఒక మెట్టు పైనే అంటాను. ఈ రాయి వాళ్లు పుట్టి పెరిగిన రాయి.

కింద హ్యామర్ది గాలి పని. 12 సెంటీమీటర్ల పిస్టన్‌కు 113 చదరపు సెంటీమీటర్లు. కంప్రెసర్ 20 కిలోల గాలి ఇస్తే లెక్కకు 2,260 కిలోలు. బోరులో 300 అడుగుల నీళ్లు నిలిస్తే, పది మీటర్లకు ఒక కిలో చొప్పున 9 కిలోలు ఎదురు తంతాయి. మిగిలిన 11 కిలోలతో బలం సగానికి దిగుతుంది. ఇది తెలిసినవాడు నీళ్లను గాలితో మెల్లగా చిమ్మించి, ఆ తర్వాతే హ్యామర్ ఆడిస్తాడు.

ఈ విద్యను ఇప్పుడు అడుగు రేటు తినేస్తోంది. పగిలిన గేజీలతో, నాసిరకం సీళ్లతో, నకిలీ బిట్లతో బండ్లు తిరుగుతున్నాయి. లివర్ చివరికంటా తోసి రాత్రికి రాత్రి అడుగులు లెక్కపెట్టుకుని పోతున్నారు. అతిగా నొక్కితే రాడ్డు వంగుతుంది, బోరు పక్కకు పోతుంది, రేపు మోటారు దిగదు. అప్పు మాత్రం వేరుశనగ రైతు మీద ఉంటుంది. ఇది పని కాదు, దోపిడీ!

బోరు బండి యజమానులారా, గేజీ మార్పించండి, లెక్క తెలిసిన డ్రిల్లర్‌కు మంచి జీతమివ్వండి. ఐటీఐ మాస్టార్లూ, ఈ లెక్కను రిగ్గు పక్కన నిలబడి నేర్పండి. రైతన్నా, అడుగు రేటు బేరమాడే ముందు గేజీ ముల్లు కదులుతోందో లేదో చూడు. కదలకపోతే ఆ బండిని పొలంలోకి రానివ్వకు.