కాకి ముట్టని పిండం, కొరియా దయ్యం

గోదావరి జిల్లాల్లో పదో రోజు కర్మకు వెళ్లినవాళ్లందరికీ తెలిసిన ఘట్టం ఒకటుంది. పిండం పెట్టి అందరూ దూరంగా జరుగుతారు. కాకి రాదు. వచ్చినా ముట్టదు. అప్పుడు ఇంటివాళ్లు ఒక్కొక్కరే గొంతు విప్పుతారు. ‘చిన్నదాని పెళ్లి మేం చేస్తాంలే నాన్నా’ అంటాడు పెద్దకొడుకు. ‘ఆ పొలం అమ్మంలే’ అంటాడు రెండోవాడు. ఏ మాటకు కాకి దిగి మెతుకు ముడితే, పోయిన మనిషి మనసులో మిగిలిపోయిన కోరిక అదేనని నమ్ముతారు. బతికున్నవాళ్లు చచ్చిపోయినవాళ్ల మనసును వెతికే పని ఇది. అందులో దుఃఖం ఎంత ఉందో అపరాధ పరిశోధనా అంతే ఉంది.

ప్రేమనూ దయ్యాన్నీ హత్యా రహస్యాన్నీ కలిపి కొరియావాళ్లు తీసే టీవీ సీరియళ్లు నిలబడేదీ, పోయిన మనిషి మనసులో ఏం మిగిలిపోయిందన్న ఈ ప్రశ్న మీదే. భీమవరం కాలేజీ పిల్లలు ఫోన్లలో వాటిని చూస్తుంటే ‘మనకు సంబంధం లేని కథలు’ అని పెద్దవాళ్లు తీసిపారేస్తారు. సంబంధం ఉంది, చాలా దగ్గరిది.

2015లో టీవీఎన్ చానల్‌లో పదహారు భాగాలుగా వచ్చిన ‘ఓ మై గోస్ట్’నే తీసుకుందాం. నా బోంగ్ సన్ ఒక రెస్టారెంటు వంటింట్లో అందరికన్నా చిన్న ఉద్యోగి. ఎవరేమన్నా తల దించుకుని క్షమాపణ చెప్పే పిల్ల. ఆమెకు దయ్యాలు కనిపిస్తాయి. వాటికి భయపడి రాత్రులు నిద్ర ఉండదు. సూన్ ఏ అనే దయ్యం పెళ్లి కాకుండానే చనిపోయిన అమ్మాయిది. మహా వాగుడుకాయ, మహా చొరవ. ఆ దయ్యం ఈ పిల్లను పూనుతుంది. నిన్నటిదాకా నోరు పెగలని పిల్ల ఒక్కసారిగా చెఫ్ కాంగ్ సన్ వూ వెంటపడటం మొదలుపెడుతుంది. అతను కరుగుతాడు.

అయితే అతను ప్రేమించింది ఎవరిని? ఆ ముఖాన్నా, ఆ మాటల్నా? రెండు స్వభావాలనూ ఒకే దేహంలో చూపించిన పార్క్ బో యంగ్ నటనలో నేను మెచ్చుకునేది నడక. పూనకం లేనప్పుడు భుజాలు లోపలికి ముడుచుకుని గోడ పక్కనుంచి నడుస్తుంది. పూనినప్పుడు వంటింటి మధ్యలోంచి నడుస్తుంది. ఎవరున్నారో మనకు క్షణంలో తెలిసిపోతుంది, పాపం చెఫ్‌కు తెలియదు. మొదట్లో నవ్వు ఆ తేడాలోంచే పుడుతుంది, తర్వాత బాధా అక్కడినుంచే వస్తుంది.

ఇక రహస్యం సంగతి. సూన్ ఏ ఆత్మహత్య చేసుకుందని లోకం అనుకుంటుంది. ఎలా పోయిందో ఆమెకే గుర్తులేదు. దయ్యానికి జ్ఞాపకం లేకుండా చేయడం ఈ కథల్లో అన్నిటికన్నా తెలివైన పనితనం. చచ్చిపోయిన మనిషే తన చావును దర్యాప్తు చేసుకోవాలి. సాక్షీ, బాధితురాలూ, పోలీసూ ఒక్కరే. చూడనివాళ్ల కోసం హంతకుడెవరో చెప్పను.

చావు రహస్యం తేలేదాకా వెళ్లని ఈ దయ్యానికి మూలం పాత కథల్లో ఉంది. కొరియా దక్షిణాన మిర్యాంగ్ ఊళ్లో చెప్పుకునే అరాంగ్ కథ అది. అధికారి కూతురైన అరాంగ్‌ను మానభంగానికి లొంగలేదని చంపేశారు. ఊరికి కొత్తగా వచ్చిన ప్రతి అధికారికీ ఆమె రాత్రి కనిపించేది. న్యాయం అడగడానికి వచ్చేది. వాళ్లేమో భయంతోనే ప్రాణాలు విడిచేవారు. చివరికి ఒకడు గుండె నిబ్బరంతో కూర్చుని ఆమె చెప్పింది విన్నాడు. హంతకుడు దొరికాడు, ఆమె మళ్లీ కనిపించలేదు. మిర్యాంగ్‌లో ఆమెకు గుడి ఉంది. 2012లో ఎంబీసీ చానల్ ఈ కథను ‘అరాంగ్ అండ్ ద మేజిస్ట్రేట్’ పేరుతో ప్రేమకథగా మలిచింది. అకాలంగా పోయిన ఆడవాళ్లను పేరంటాళ్లుగా కొలిచి పసుపూ కుంకుమా పెట్టే మనకు ఆ గుడి కొత్తేమీ కాదు. బతికున్నప్పుడు వినని ఊరు చచ్చాక దండం పెడుతుంది.

అరాంగ్ కథలో ఉన్న ముడినే సీరియల్ రచయితలు ప్రేమ వైపు లాగారు. న్యాయం జరిగితే దయ్యం వెళ్లిపోవాలి. ప్రేమించినవాడు రహస్యాన్ని ఛేదించిన కొద్దీ ఆమె వెళ్లిపోయే రోజును తానే దగ్గరికి తెచ్చుకుంటాడు. ఛేదించకపోతే ఆమెకు శాంతి లేదు. మామూలు డిటెక్టివ్ కథలో జవాబు దొరికితే మనకు ఊరట. ఇక్కడ జవాబు దొరుకుతుంటే గుండె బరువెక్కుతుంది. ఈ జాతి సీరియళ్ల విలువంతా ఇందులోనే ఉందని నా నమ్మకం.

మన గోదావరి ఇదే ముడిని తిరగేసి వేసింది. ఆదుర్తి సుబ్బారావు 1964లో తీసిన ‘మూగ మనసులు’ చూడండి. కొత్త దంపతులు పడవెక్కుతారు. ముందు సుడిగుండం ఉందని అతనికి ఎందుకో తెలిసిపోతుంది. వాళ్ల గత జన్మ రహస్యం విప్పే సాక్షి ముసలిదైపోయిన గౌరి. తాను ప్రేమించినవాడు మరొకరితో కలిసి నీళ్లలో కలిసిపోవడం చూసి బతికిన మనిషి. అక్కడ నిజం తెలియడం ఎడబాటు కాదు, రెండో కలయిక. అయినా నా కన్ను ఆ జంట మీద కన్నా జమున వేసిన గౌరి మీదే నిలుస్తుంది. కొరియా కథల్లో వినేవాడు గొప్పవాడు, ఇక్కడ చెప్పే మనిషి గొప్పది.

2016లో వి.ఐ. ఆనంద్ తీసిన ‘ఎక్కడికి పోతావు చిన్నవాడా’లో ఆత్మ ఒక దేహం నుంచి మరో దేహానికి మారుతుంది. ప్రేమించింది ఎవరిని అని ‘ఓ మై గోస్ట్’ వేసిన ప్రశ్నే అక్కడా ఉంది. కానీ రెండు గంటల చిల్లరలో పాటలూ హాస్యమూ పోను ఆ ప్రశ్న దగ్గర ఆగే తీరిక సినిమాకు దొరకదు. టీవీకి దొరకాలి. తొంభైల చివర ఈటీవీలో ‘అన్వేషిత’ను ఊపిరి బిగబట్టి చూసిన తరం మనది. తర్వాత మన సీరియళ్లు రోజూ వస్తూ ఏళ్ల తరబడి సాగడం నేర్చుకున్నాయి. ఎప్పుడు ముగుస్తుందో తెలియని కథలో రహస్యాన్ని దాచడం ఎవరి తరమూ కాదు. పదహారు భాగాలని ముందే తెలిస్తేనే మూడో భాగంలో నాటిన గింజను పద్నాలుగులో కోయగలరు.

‘ఓ మై గోస్ట్’ మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. హంతకుడి దుర్మార్గానికీ ఒక దుష్టాత్మను కారణంగా చూపిస్తుంది. మనిషి చేసిన నేరాన్ని అలా మనిషి మీదినుంచి దించేయడం సూన్ ఏకు అన్యాయం. అరాంగ్ కథలో చంపింది మనిషే. సుకుమార్ స్క్రీన్‌ప్లేతో 2023లో వచ్చిన ‘విరూపాక్ష’లోనూ అంతే. చేతబడి చేస్తున్నారని ఒక జంటను ఊరివాళ్లే తగలబెడతారు, పన్నెండేళ్ల తర్వాత చావులు మొదలవుతాయి. ఆ ఊళ్లో నిప్పు పెట్టినవాళ్లున్నారు, చూస్తూ నిలబడినవాళ్లున్నారు, తలుపులు మూసుకున్నవాళ్లూ ఉంటారు. పదహారు భాగాల్లో వాళ్ల తలుపులన్నీ ఒక్కొక్కటే తట్టే తెలుగు రచయిత కోసం నేను ఎదురుచూస్తున్నాను.