‘నమోదైన’ అను విశేషణము: నేరగణాంక బోధనపై ఒక విమర్శ

నేరన్యాయ విద్యార్థులకు సాంఖ్యకశాస్త్రమును, పరిశోధన పద్ధతులను బోధించుట గణితవేత్తల పని కదా, తెలుగు పంతులకు ఇందేమి ప్రసక్తి యని హూడిలోని మన తెలుగువారు అడుగవచ్చును. అంకెకు ముందొక మాట యుండును. ఆ మాటను విడిచినచో అంకె యెంత సూక్ష్మమైనను సత్యమును చెప్పజాలదు. మాటను కాపాడుట భాషోపాధ్యాయుల ధర్మము.

ఈ పాఠ్యక్రమము సామాన్యముగా సగటు, మధ్యగతము, ప్రామాణిక విచలనము అను వానితో ఆరంభమగును. విద్యార్థి సూత్రమును చక్కగా నేర్చును గాని, పట్టికలోని అంకె యెట్లు పుట్టినదని అడుగడు. ‘క్రైమ్ ఇన్ ఇండియా’ అను వార్షిక నివేదిక 1953 నుండి వెలువడుచున్నది. 1986లో ఏర్పడిన జాతీయ నేర రికార్డుల బ్యూరో దానినిప్పుడు ప్రకటించుచున్నది. అందలి లెక్క నమోదైన కేసుల లెక్క. ‘నమోదైన’ అను క్రియాజన్య విశేషణము లోపింపగనే అది జరిగిన నేరముల లెక్కయై కూర్చుండును.

ఈ భేదము స్వల్పము కాదు. ఒకే ప్రథమ సమాచార నివేదికలో దొంగతనము, హత్య రెండును ఉన్నచో, పెద్ద శిక్ష గల హత్య మాత్రమే లెక్కకెక్కును. విచారణార్హమైన నేరమును పోలీసులు తప్పక నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013లో లలితకుమారి కేసున తీర్పు చెప్పినది. అట్టి తీర్పును పాటించిన ఠాణాలో కేసులు పెరిగినచో అది నేరవృద్ధియా, కర్తవ్యపాలనమా? ఫిర్యాదును సులభముగా స్వీకరించు రాష్ట్రము పట్టికలో చెడ్డదిగను, త్రిప్పి పంపు రాష్ట్రము మంచిదిగను కనబడవచ్చును. బడికి రెండు వాకిండ్లుండి ఒకదానియొద్దనే ఆలస్యపు పుస్తకమున్నచో, ఆలస్యము చేయువారందరు ఆ వాకిటనే వచ్చుచున్నట్లు తోచును గదా!

ఈ లోపము మనుష్యుల బ్రదుకులను కాల్చిన సందర్భము తెలుగునాటనే కలదు. 1871 నాటి నేరస్థ జాతుల చట్టము 1911లో మద్రాసు రాజధానికిని వర్తించునట్లు మార్చబడినది. అనంతరము బాపట్ల చెంత సాల్వేషన్ ఆర్మీవారి పర్యవేక్షణలో స్టూవర్టుపురము వెలసినది. ఎరుకలవారినచ్చట నివసింపజేసిరి. ఈ చట్టము క్రింద పేరెక్కినవారు వ్రేలిముద్రలీయవలెను, పోలీసులకు హాజరు చెప్పుకొనవలెను. కావలి యున్నచోటనే పట్టుబాటు లెక్కువ. పట్టుబాటులే మరల జాతిస్వభావమునకు సాక్ష్యము! ఇచ్చట పేరు ముందు, లెక్క తరువాత. 1952లో ఆ చట్టము రద్దయినను మాట మాసిపోలేదు. నేడు వలసవచ్చినవారి పేటలలో నేరములెక్కువ యని వినునపుడు, పొరుగు రాష్ట్రమున బ్రదుకుచున్న మనమీ పాఠమును మరువరాదు.

కావున మొదటి పాఠము సూత్రము గాక ఠాణా పుస్తకము కావలెను. ఎవరు ఫిర్యాదు చేసిరి, ఎవరు మానిరి, దేనిని నేరమనిరి అను ప్రశ్నలు తొలుత రావలెను. 1982లో బ్రిటన్‌న ఆరంభమైన నేర సర్వేవలె ప్రజలనే అడిగి తెలిసికొను పద్ధతిని, పోలీసు లెక్కకు ప్రక్కన నిలిపి చూపవలెను. సగటు, విచలనము పిదప నేర్పవచ్చును.

ఆంధ్ర విశ్వవిద్యాలయమున చదివిన సి. ఆర్. రావుగారు (1920–2023) తమ గ్రంథమునకు ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అని పేరిడిరి. గణాంకమును సత్యమును ఆ పేరు జోడించినదే గాని, రెండును ఒక్కటే యనలేదు. ఆ నడిమి దూరమును గుర్తెరిగిన విద్యార్థియే రేపు ఠాణాలోను న్యాయస్థానమునను నిర్దోషికి రక్షకుడగును.