పాలు పొయ్యని తెల్లచారు

“ఇందులో పాలు పోశావా?” అంటూ మా అత్తగారు గిన్నెను పక్కకు జరిపారు. చేపలూ పాలూ ఒకే పూట తింటే బొల్లి వస్తుందని ఆవిడ నమ్మకం. ఆవిడ ఒక్కరిదే అనుకోకండి, చరక సంహిత కూడా ఈ రెంటినీ విరుద్ధాహారం కిందే లెక్కగట్టింది. పైగా చారు అచ్చం గేదెపాలలా ఉంది మరి. చుక్క పాలు లేవంటే నమ్మలేదు. మళ్ళీ పొయ్యి వెలిగించి, ఎదురుగా నిలబెట్టి చేసి చూపించాల్సి వచ్చింది.

వంట మాది కాదు, చైనావాళ్ళది. అక్కడ ఎంబీబీఎస్ చదివొచ్చిన మా మేనల్లుడు నేర్పాడు. వాళ్ళు దీన్ని జీయూ అనే చిన్న మంచినీటి చేపతో కాస్తారు. అక్వేరియంలో పెంచుకునే గోల్డ్‌ఫిష్‌కి అది దగ్గరి చుట్టం. ఒళ్ళంతా సన్న ముళ్ళు, ఏరుకు తినాలంటే ఓపికుండాలి, అందుకని చారుకే ఎక్కువ వాడతారు. టోఫు, అల్లం, ఉల్లికాడలు, తెల్ల మిరియాలపొడి వేస్తారు. చింతపండు లేదు, కారం లేదు. “ఇంకేముందిరా ఇందులో?” అన్నాను. “చేప ఉంది కదత్తా” అన్నాడు.

జీయూ మనకి దొరకదు. నేను రాంనగర్ మార్కెట్‌కి వెళ్ళి కొర్రమీను తెచ్చుకుంటాను. చైనా వంటకి అదీ పరాయిది కాదు. గ్వాంగ్‌డాంగ్ వైపు ఆపరేషనైనవాళ్ళకి పుండు త్వరగా మానుతుందని కొర్రమీను జాతి చేపనే కాచి ఇస్తారు. ఇక్కడేమో అది తెలంగాణ రాష్ట్ర చేప. గాలి పీల్చి బతికే చేప కాబట్టి తొట్టిలో ప్రాణంతోనే ఉంటుంది, తాజాదా కాదా అని వాదించే పని ఉండదు. జిగురు పోయేలా బూడిదతో తోమించుకోవాలి. ఇంటికొచ్చాక వెన్నెముకను అంటుకున్న నెత్తురంతా గోటితో గీకి కడగాలి, నీచంతా అక్కడే. పసుపు మాత్రం పట్టించకూడదు. చెయ్యి అలవాటు కొద్దీ డబ్బా వైపే పోతుంది, ఆపుకోవాలి.

చేపల పులుసులో చెయ్యి తిరిగినవాళ్ళకి ఈ చారు ఒక పట్టాన లొంగదు. పులుసుకి మనం సెగ తగ్గిస్తాం, గరిటె పెట్టం, గిన్నె చెవులు పట్టుకుని తిప్పుతాం. ముక్క విరిగితే ఆ వంట వంటే కాదు. ఇక్కడ అన్నీ తలకిందులు. ముక్కల్ని గుడ్డతో తడి లేకుండా అద్దాలి. తల, తోక, వెన్ను ముక్కలు పడాల్సిందే. కాగిన ఇనప మూకుడంతా అల్లం ముక్కతో రుద్ది, నూనె పోసి, రెండు వైపులా ఎర్రగా వేయించాలి. ఈలోపు పక్క పొయ్యి మీద నీళ్ళు తెర్లుతుండాలి. ఆ మరిగే నీళ్ళు ఒక్కసారిగా పోస్తే మూకుడు చుయ్‌మని లేస్తుంది. భయపడి మంట తగ్గించారో, పని చెడినట్టే. కుతకుతమంటే చాలదు, నీళ్ళు సుళ్ళు తిరుగుతూ కొట్టుకోవాలి. మొదట నూనె పెద్దపెద్ద బొట్లుగా పైన తేలుతుంది. చూస్తుండగానే ఆ బొట్లు చిన్నవైపోతాయి, కాసేపటికి అసలు కనబడవు, చారు బూడిదరంగు నుంచి తెలుపుకి తిరుగుతుంది. పది పదిహేను నిమిషాలకి మూకుడు అడుగు కనిపించదు.

“ముక్క చితికిపోతోందే తల్లీ!” అన్నారు మా అత్తగారు, స్టవ్ బిరడా మీద చెయ్యేసి.

“చితకనివ్వండి అత్తయ్యా.”

ఆ తెలుపంతా కొవ్వుది. మనం పోసిన నూనె, చేపలోంచి దిగిన కొవ్వు ఆ సుళ్ళలో కంటికి ఆననంత చిన్న బొట్లుగా చెదిరిపోతాయి. తోలులోంచీ ముళ్ళలోంచీ దిగిన జెలటిన్ వాటిని చుట్టుకుని మళ్ళీ ఒకటవకుండా ఆపుతుంది. వెలుగు ఆ బొట్ల మీద పడి చెల్లాచెదురవుతుంది కాబట్టి మనకి తెల్లగా కనిపిస్తుంది. జపానువాళ్ళు పంది ఎముకలతో కాచే టొంకొట్సు చారు తెల్లబడేదీ ఇలాగే. అదే చేపని సన్న సెగ మీద కాస్తే నీళ్ళు తేటగానే ఉంటాయి, నూనె పైనే ఉండిపోతుంది.

అందుకే ‘తెల్లగా ఉంది, కాల్షియమంతా దిగింది’ అంటే నేనొప్పుకోను. ఉత్త నీళ్ళలోకి ముళ్ళలోంచి దిగే కాల్షియం స్వల్పం. కాల్షియం కావాలంటే చారుతో సరిపెట్టుకోకుండా టోఫు తినాలి. జిప్సంతో విరిచిన టోఫులో అది దండిగా ఉంటుంది. చైనాలో బాలింతకి పాలు పడాలని ఈ చారు ఇస్తారు, మన కోస్తాలో పాలసొర వండిపెడతారు చూడండి, అలా. చారు తెల్లగా ఉంది కాబట్టి పాలు పడతాయనే లెక్క నాకు గిట్టదు. అయినా వేడివేడి చారూ నాలుగు చేప ముక్కలూ బాలింతకి మంచి తిండే, పెట్టేవాళ్ళని తప్పుపట్టను. యూరిక్ యాసిడ్ ఉన్నవాళ్ళు మాత్రం చూసుకోవాలి, మరిగిన కొద్దీ చేపలోని ప్యూరిన్లు చారులోకి దిగుతాయి. మా ఆయనకి అందుకే చిన్న కప్పే.

సింగపూర్‌లో ఇంత కష్టపడని కొట్లున్నాయి. చేపల చారులో డబ్బా పాలు కలిపి, బియ్యపు సేమ్యా వేసి ఇస్తారు. వద్దంటే పాలు మానేస్తారు. ఆ రుచి మీద మోజున్నవాళ్ళు బోలెడుమంది, నాతో పోట్లాటకి రావద్దు. నా మటుకు నాకు చేప రుచి పాల వెనక్కి పోతుందనిపిస్తుంది.

తెలుపెక్కాక టోఫు ముక్కలు వేసి, సెగ తగ్గించి నాలుగు నిమిషాలుంచాలి. ఉప్పు, మిరియాలపొడి, ఉల్లికాడలు దించేముందే. పిల్లలకీ పెద్దవాళ్ళకీ పోసేటప్పుడు సన్న జల్లెడలో వడకట్టాలి, మరిగి చెదిరిన చేపలో ముల్లు ఎక్కడుందో ఎవరికీ తెలీదు. పులుసులా మర్నాటికి దాచుకుందామంటే కుదరదు. ఫ్రిజ్‌లో పెడితే గడ్డకడుతుంది, మళ్ళీ వేడిచేస్తే నీచు పైకొస్తుంది. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతకే కాచుకుని, ఆ పూటే అవగొట్టాలి.