తెరచిన మూలము, మూసిన మూలము - మన తెలుగు

ఈ సంచికలో పునర్ముద్రింపదగిన పాత వ్యాసములను ఏరునప్పుడు మాకొక విచిత్రమైన అనుభవము కలిగినది. సుమారు ఇరువది యేండ్ల నాటి సంచికలో, రాజపాళయపు ఇండ్లలోని తెలుగు పలుకుబడిని గూర్చి మన పెద్దలొకరు వ్రాసిన వ్యాసము కలదు. దాని కంప్యూటరు ఫైలు భద్రముగనే యున్నది. తెరచి చూడగా తెలుగు అక్షరమొక్కటియు కానరాలేదు. డాలరు గుర్తులు, కొక్కెములు, తలక్రిందులైన ప్రశ్నార్థకములు, ఇంగ్లీషు అక్షరముల ముక్కలు బారులు తీరి నిలిచియున్నవి. ఆనాడు అక్షరములు కూర్చిన దుకాణమువారు వాడిన ఫాంటు, కంప్యూటరుకు తగిలించు చిన్న తాళపు బిళ్ల లేనిదే పనిచేయదట. దుకాణము మూతబడినది. బిళ్ల ఏమైనదో తెలిసినవారు లేరు. ఆ ఫాంటుకు సరిపడు మార్పిడి సాధనమును వెదకితిమి గాని దొరకలేదు. తుదకు ఒక సభ్యుని ఇంటి అటకమీద దొరికిన అచ్చుప్రతిని ముందుంచుకొని వ్యాసమంతయు మరల టైపు చేయించితిమి.

మా యింట వావిళ్లవారి పాత పుస్తకమొకటి కలదు. అట్టలు ఊడినవి, అంచులు పొడియగుచున్నవి. అయినను దానిని చదువుకొనుటకు మేమెవరి అనుమతియు కోరనక్కరలేదు. ఇరువదియేండ్ల ఫైలుకు అది అవసరమైనది. స్వేచ్ఛా సాఫ్టువేరు మేలా, కంపెనీల సొత్తైన స్వామ్య సాఫ్టువేరు మేలా యని చదువుకున్న కుర్రవారు వాదులాడుకొనునప్పుడు, ఇది మనకు సంబంధింపని గొడవయని మేమును ఇంతకాలము తలచితిమి. ఆ ఫైలు మా తలపును మార్చినది.

మొదట ఆ ఫైలు రోగమేమో చెప్పవలెను. కంప్యూటరు అక్షరమును అక్షరముగా నెరుగదు, సంఖ్యగా నెరుగును. ఏ సంఖ్యకు ఏ అక్షరమో లోకమంతయు ఒక ఒప్పందమునకు రావలెను. యూనికోడు అను అట్టి ఒప్పందములో 1991 నుండియే తెలుగునకు చోటున్నది. కాని మన అచ్చుపనివారు చాలకాలము దానిని వాడలేదు. వాడుటకు వారి సాధనములు ఒప్పుకొనలేదు. ఫాంటు కంపెనీలు ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తలకట్లు, కొమ్ములు, ఒత్తులు తమకు తోచినట్లు ఇరికించిరి. ఒకరి అమరిక మరియొకరికి పనికిరాదు. అందుచేత అచ్చులో ముత్యములవలె కనిపించిన తెలుగు, యంత్రమునకు తెలుగే కాదు.

ఇక వాదము సంగతి. సాఫ్టువేరునకు మూలమనునది కలదు. మనుష్యుడు వ్రాసినది, మనుష్యుడు చదువగలిగినది. దానిని తనయొద్ద దాచుకొని, నడచు రూపమును మాత్రమే వాడుకకిచ్చుట కంపెనీల పద్ధతి. దానిని ఎదిరించి 1983 లో రిచర్డు స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించెను. మూలమును చూచుటకు, మార్చుటకు, పంచుటకు వాడుకరికి హక్కుండవలెననియు, మార్చి పంచినవాడు తన మార్పును గూడ మూలముతోనే పంచవలెననియు ఆ పక్షమువారి ప్రధానమైన లైసెన్సు చెప్పును. 1991 లో లీనస్ టోర్వాల్డ్స్ ఆరంభించిన లినక్సు ఆ లైసెన్సు నీడనే పెరిగినది. ఇంగ్లీషువారికి ఉచితమునకును స్వేచ్ఛకును ఒకే మాట యుండుటచే అక్కడ అపార్థములు పుట్టినవి. మనకు రెండు మాటలున్నవి. అయినను మనవారు దీనిని "ఊరక వచ్చునది" అనియే తలచుచున్నారు. ఇది మాటల లోపము కాదు, చూపు లోపము.

మన ఊరివారికి ఈ విషయము మిల్లు భాషలో చెప్పిన వెంటనే తెలియును. 1936 లో రాజపాళయం మిల్లు వెలసిన నాటినుండి మనము నూలు యంత్రముల నడుమ బ్రదుకుచున్నాము. యంత్రమును కొన్నవాడు మూత తెరువరాదు, ఫిట్టరు చేయి పెట్టరాదు, పండ్లచక్రము అరిగినచో అమ్మినవాడు వచ్చువరకు ఆగవలెను అను షరతుతో ఎవడైన యంత్రమును తెచ్చినచో మన మిల్లుదారులు వానిని గేటు దాటనిత్తురా? కంప్యూటరు విషయములో మాత్రము ఆ షరతునకే సంతకము పెట్టుచున్నాము. అదియు చదువకుండ పెట్టుచున్నాము. విండోసు 10 నకు సాధారణ మరమ్మతులు 2025 అక్టోబరు 14 తో ఆగిపోయినవి. ఇనుము చెడలేదు, తెర చెడలేదు. ఐనను యంత్రము ముసలిదైనదని అమ్మినవారే నిర్ణయించిరి.

ఈ ఉపమానము స్వేచ్ఛావాదులకు చాల ప్రియమైనది. కాని అందొక లొసుగున్నది. మూత తెరచుటకు హక్కున్నంత మాత్రమున చాలదు, ఫిట్టరుండవలెను. మిల్లు ఫిట్టర్లు మన ఊర వీధికొకరున్నారు. తెలుగు సాఫ్టువేరునకు ఎందరున్నారు?

ఎదుటి పక్షమునకు న్యాయము చేయవలసియున్నది. 2001 లో వచ్చిన విండోసు ఎక్స్‌పీతో మైక్రోసాఫ్టువారు గౌతమి యను తెలుగు ఫాంటునిచ్చిరి. దాని అందచందములను మేము మెచ్చుకొనజాలము. ఐనను యూనికోడు తెలుగు సామాన్యుని కంప్యూటరులో కనబడుటకు అది తోడ్పడినదను మాట కాదనుట కృతఘ్నత. జీతములిచ్చి పని చేయించువారు పనిని పూర్తిచేయుదురు. ఇటు తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు పోతన, వేమన యను ఫాంటులను రూపొందించి అందరి వాడుకకు విడిచిరి. సిలికానాంధ్రవారు 2012 ప్రాంతమున మండలి, ధూర్జటి, రామభద్ర, సూరన్న మొదలగు ఫాంటులను తెరచిన లైసెన్సుతో వెలువరించిరి. కవుల పేర్లు ఫాంటులకు పెట్టుట ఒక మంచి ముచ్చట. కాని అక్షరమునకు అక్షరమునకు నడుమ ఎడము, చిన్న పరిమాణములో ఒత్తుల స్పష్టత మున్నగు నీరసమైన పనులు ఇట్టి ఫాంటులలో కొన్నింట సగములో ఆగినవని ఈ సంచికను కూర్చునప్పుడు మాకు అనుభవములోనికి వచ్చినది.

2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరము ప్రపంచ పత్రికల కెక్కినది. అది "జ్ఞా". మనము నిత్యము వ్రాయు జ్ఞా కాదు. దాని నడుమ కంటికి కానరాని విభజన చిహ్నమొకటి చేరిన రూపము. ఆపిల్ వారి ఐఫోను దానిని తెరపై చూపబోయి తడబడెడిది. ఆ సందేశమును తెరచిన అప్లికేషను కుప్పగూలెడిది. కొంటెవారు దానిని ఒకరికొకరు పంపుకొనిరి. జ్ఞానములోని మొదటి అక్షరమే యంత్రమునకు మింగుడుపడలేదని మన పత్రికలు చమత్కరించినవి. ఆ నెల 19 న వెలువడిన 11.2.6 సంచికతో కంపెనీవారు దోషమును సరిదిద్దిరి.

దీనిని ఇరుపక్షములును తమకే సాక్ష్యముగా వాడుకొన్నవి. మూలము మూసియుంచుటచే తెలుగెరిగినవాడెవడును దోషమును చూడలేకపోయెనని వీరు. కొద్ది దినములలో కోట్ల ఫోనులకు మందు పంపగలిగినది కంపెనీయే గదా యని వారు. వేగమును మేము కాదనము. కాని ఆ దినములలో బయటి ప్రోగ్రామర్లు ఏ యే హల్లులు కలిసిన యంత్రము పడునో ఒక్కొక్కటే వ్రాసి చూచి, తెలుగుతోపాటు మరికొన్ని భారతీయ లిపులకును ఈ రోగమున్నదని కనుగొనిరి. తలుపు వెలుపల నిలిచి లోపలి ధ్వనులనుబట్టి రోగమును ఊహించిన వైద్యుల స్థితి వారిది. ఆ అక్షరమును ఒడిలో పెట్టుకొని పెరిగిన మనకు దాని మరమ్మతులో చోటు లేకపోవుట మాకు నొప్పి కలిగించినది.

అట్లని మూలము తెరచినచో దోషములు వానియంతట అవియే తొలగునని నమ్మరాదు. ప్రపంచములోని అసంఖ్యాకములైన వెబ్‌సైట్లు రహస్యరక్షణకు నమ్ముకొన్న ఓపెన్ ఎస్ఎస్ఎల్ అనునది తెరచిన మూలమే. అందు 2012 నుండి దాగియున్న హార్ట్‌బ్లీడ్ అను పెద్ద రంధ్రము 2014 ఏప్రిలులో గాని బయటపడలేదు. అందరును చూడవచ్చును గనుక ఎవరో ఒకరు చూచియుందురని అందరును అనుకొనిరి. ఇట్టిది మన సంఘముల లెక్కల పుస్తకములకును తెలియని విద్య కాదు.

మన రాష్ట్రములోనే జరిగిన సంగతి యొకటి చూడుడు. తమిళనాడు ప్రభుత్వము 2011 మొదలు విద్యార్థులకు ఉచితముగా పంచిన లాప్‌టాపులలో విండోసుతోపాటు, చెన్నైలోని సీ-డాక్ వారు తయారుచేసిన బాస్ లినక్సును గూడ ఉంచిరి. ఆశయము గొప్పది. కాని మేమెరిగిన ఇండ్లలో దానిని తెరచిన పిల్లలు అరుదు. బడిలో చెప్పినవారు లేరు, చెడినచో అడుగుటకు చోటు లేదు. మన పడమటి కొండలకు ఆవల కేరళములో 2001 లో ఆరంభమైన ఐటీ ఎట్ స్కూల్ ప్రణాళిక మాత్రము కాలక్రమమున బడులన్నిటిని స్వేచ్ఛా సాఫ్టువేరునకు మరల్చినది. వారు ముందు ఉపాధ్యాయులకు నేర్పిరి, పిమ్మట పాఠ్యపుస్తకములు వ్రాసిరి. కొండకు ఇటువైపున యంత్రమును పంచిరి, అటువైపున నేర్పును పంచిరి.

1949 మొదలు 1952 వరకు మదరాసు రాష్ట్రమునకు ప్రభుత్వ నాయకులైన మన పూసపాటి కుమారస్వామి రాజావారు తమ స్వంత ఇంటిని గాంధీ కళామన్‌ఱమునకు ఇచ్చివేసిరి. స్వేచ్ఛా సాఫ్టువేరును తలచినప్పుడెల్ల మాకు ఆ దానము గుర్తువచ్చును. దానమిచ్చుట ఒకనాటి పని. దానమైన ఇంటికి ఏటేట సున్నము కొట్టువారు, కారు పెంకును మార్చువారు, ఉదయమున తాళము తీయువారు కావలెను. స్వేచ్ఛావాదులు దాతను కీర్తింతురు. సున్నము కొట్టువానిని మరతురు. వారి రచనలను విరివిగా చదివినవారముగా మాకు తోచిన ప్రధానమైన కొరత ఇదియే.

ఇంత చెప్పియు మేము తెరచిన మూలమువైపే మొగ్గుట ఎందుకనగా, మన తెలుగు స్థితి అట్టిది. కొన్ని శతాబ్దుల క్రిందట వచ్చిన మనము ఇంట తెలుగు మాటలాడుదుము, బడిలో తమిళము చదువుదుము. మన పిల్లలు ఫోనులో తెలుగును తమిళ లిపితో వ్రాయుచున్నారు. ఆ లిపిలో కకారమునకును గకారమునకును ఒకే గుర్తు గనుక గాలియు, కాలియు ఒక్కటియే యగును. చదువువాడు సందర్భమునుబట్టి గ్రహింపవలెను. వీరికొరకు, తమిళ లిపిలో వ్రాసినను తెలుగు లిపిలోనికి మార్చి, మన ఇంటి మాటలను తప్పని త్రోసివేయక సాయపడు సాధనమును ఏ కంపెనీ తయారుచేయును? లాభము లేని చోట వ్యాపారి అంగడి పెట్టడు. అందు వ్యాపారి తప్పు లేదు. కంపెనీవారి కీబోర్డులో మన మాటను మన ఫోనుమట్టుకు చేర్చుకొనవచ్చును గాని, అది అందరి పట్టికలోనికి ఎక్కుట వారి చిత్తము. లిబ్రాఫీసు వాడు హన్‌స్పెల్ అను పదపరీక్షకుని నిఘంటువో, సాధారణమైన పదపట్టిక. దానికి మన మాటలు చేర్చి, చేర్చిన పట్టికను కోయిలపట్టి వారికిని హోసూరు వారికిని ఇచ్చుటకు ఎవరి సెలవును అక్కరలేదు.

హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు లినక్సునే తెలుగులో నడపిరి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా స్వేచ్ఛా సాఫ్టువేరు మీదనే నిలిచియున్నది. అందు ఫైలును దస్త్రమనిరి. మన వీధిలో దస్త్రమన్న మాటకు తిరిగి చూచువారు లేరు. అది మనకు రుచింపదని గొణుగుట కంటె, అక్కడికి పోయి చర్చించుట మేలు; ఆ తలుపు తెరచియే యున్నది. ఇంతవరకు మన ఊరినుండి పోయినవారిని మేమెరుగము. మేమును పోలేదు.

మరల టైపు చేయించిన పెద్దలవారి వ్యాసము ఈ సంచికలోనే, యూనికోడు అక్షరములలో ఉన్నది. పదపరీక్షకుడు దానిలో పుటపుటకును ఎఱ్ఱగీతలు గీచినాడు. కొన్ని మా టైపు తప్పులు, వానిని దిద్దితిమి. తక్కినవి మన అవ్వలు వాడిన మాటలు. వానిని వేరుగా ఒక కాగితమున ఎత్తి వ్రాసి సంఘము గదిలో ఉంచితిమి. అర్థములు సరిచూచుటకు పెద్దలును, పట్టికలోనికి ఎక్కించుటకు కంప్యూటరు తెలిసిన పిల్లలును ఆదివారము సాయంకాలము వచ్చినచో పని మొదలుపెట్టుదుము.