పది నెలల పచ్చ స్ఫటికం

చిలీ రాగి గనుల్లో అరుదుగా దొరికే ఒక పచ్చటి ఖనిజానికి 2004లో హెర్బర్ట్‌స్మితైట్ అని పేరు పెట్టారు. బ్రిటిష్ ఖనిజ శాస్త్రవేత్త జి.ఎఫ్. హెర్బర్ట్ స్మిత్ పేరు మీద పెట్టిన పేరది. రాళ్లు సేకరించేవాళ్లకు అదొక అందమైన నమూనా. అయస్కాంతత్వం మీద పనిచేసేవాళ్లకు మాత్రం 1973 నుంచి కాగితం మీదే ఉండిపోయిన ఒక ఊహను పరీక్షించే అవకాశం.

ఆ ఊహ ఫిలిప్ ఆండర్సన్‌ది. కొన్ని పదార్థాల్లో ప్రతి అయానుకూ ఒక స్పిన్ ఉంటుంది. అదొక బుల్లి అయస్కాంతం. పక్కపక్కనున్న స్పిన్‌లు ఎదురెదురు దిక్కులకు తిరగాలని చూస్తాయి. చదరపు గళ్లలో ఇది సాఫీగా సాగిపోతుంది. త్రిభుజంలో సాగదు. రెండు స్పిన్‌లు ఎదురెదురుగా సర్దుకున్నాక మూడోది ఎటు తిరిగినా ఎవరో ఒకరితో పేచీ తప్పదు. దీన్నే ఫ్రస్ట్రేషన్ అంటారు. స్పిన్‌లు ఒకే పొరకు పరిమితమై, పొరుగువాళ్ల సంఖ్య తగ్గితే క్వాంటం ఊగిసలాట ఇంకా బలపడుతుంది. అలాంటి చోట ఎంత చల్లబరిచినా స్పిన్‌లు ఒక వరుసలో బిగుసుకుపోవనీ, స్పిన్‌లు రెండేసి జతకట్టే రకరకాల అమరికలన్నీ ఒకేసారి కలగలిసి ఉంటాయనీ ఆండర్సన్ అన్నాడు. ఈ స్థితికి క్వాంటం స్పిన్ ద్రవం అని పేరు.

ఆండర్సన్ ఎంచుకున్న మామూలు త్రిభుజాల జాలకంలో స్పిన్‌లు 120 డిగ్రీల కోణాల్లో రాజీ పడతాయని తర్వాత తేలింది. అంత తేలిగ్గా రాజీ పడనిది కగోమే జాలకం. జపాన్‌లో వెదురు బుట్టల అల్లిక పేరే దానికి పెట్టారు: త్రిభుజాలు మూలల దగ్గర మాత్రమే కలుసుకుంటాయి, నడుమ ఆరు మూలల ఖాళీలు. హెర్బర్ట్‌స్మితైట్‌లో రాగి అయాన్లు సరిగ్గా ఈ అల్లికలోనే పొరలుగా కూర్చుంటాయి. పొరకూ పొరకూ మధ్య అయస్కాంతత్వం లేని జింకు ఉంటుంది.

2005లో ఎంఐటీలో డేనియల్ నోసెరా బృందం దీన్ని ప్రయోగశాలలో పొడిగా తయారు చేసింది. పక్క స్పిన్‌ల మధ్య లాగులాట బలం, ఉష్ణోగ్రత లెక్కలో చెప్పాలంటే, సుమారు 190 కెల్విన్. అయినా 0.05 కెల్విన్ దాకా చల్లబరిచినా అవి ఒక క్రమంలోకి రాలేదని 2007లో వెల్లడైంది. అంతటి చలిలోనూ కుదురుకోలేదన్నమాట.

అయితే స్పిన్‌లు ఏ దిక్కున ఎలా కదులుతున్నాయో పొడి చెప్పలేదు. దానికి న్యూట్రాన్లను గురిపెట్టాలి, న్యూట్రాన్లకు పెద్ద ఒంటి స్ఫటికం కావాలి. ఇక్కడి నుంచి కథ స్ఫటికం పెంచేవాళ్లది. మందపాటి క్వార్ట్జ్ గొట్టంలో రాగి ఆక్సైడు, జింకు క్లోరైడు, నీళ్లు పోసి సీలు చేస్తారు. ఫర్నేసులో ఒక కొసను 180 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంచి, రెండో కొసను కాస్త చల్లగా ఉంచుతారు. వేడి కొసన కరిగింది చల్లటి కొసకు చేరి కొద్దికొద్దిగా స్ఫటికమవుతుంది. తొందరపడితే పనికిరాని చిన్న చిన్న పలుకులే మిగులుతాయి. ఎంఐటీలో యంగ్ లీ బృందానికి ఈ పని 10 నెలలు పట్టింది. మామూలు హైడ్రోజన్ న్యూట్రాన్లను అన్ని వైపులకూ చెదరగొట్టేస్తుంది కాబట్టి దాని స్థానంలో డ్యుటీరియం వాడారు. 2012లో నేచర్‌లో వచ్చిన ఫలితం ఆ ఓపికకు తగ్గదే. మామూలు అయస్కాంతంలో కనిపించే పదునైన స్పిన్ అలల గీతలకు బదులు, పరుచుకున్న మసక వెలుగు కనిపించింది. స్పిన్ ద్రవంలో ఊహించినట్టే స్పిన్ ఉత్తేజాలు ముక్కలుగా విడిపోతున్నాయనడానికి అదొక బలమైన గుర్తు.

అసలు కష్టం అక్కడితో తీరలేదు. ఆవర్తన పట్టికలో రాగి 29, జింకు 30. అయాన్ల సైజులోనూ తేడా నామమాత్రం. అందువల్ల జింకు కూర్చోవలసిన చోట్లలో దాదాపు 15 శాతం రాగి దూరిపోతుంది. మామూలు ఎక్స్‌రేలకు ఈ రెండూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి. వాటిని విడదీసి చూడటానికి ఆయా మూలకాలకు తగ్గట్టు ఎక్స్‌రే శక్తిని సరిచూసుకునే ప్రత్యేక పద్ధతి వాడాల్సి వచ్చింది. చోటు తప్పిన ఆ రాగి కూడా అయస్కాంతమే. తక్కువ ఉష్ణోగ్రతల్లో కొలిచే ప్రతి సంకేతంలోనూ దాని గొంతు కలుస్తుంది. ఏది కగోమే పొర మాట, ఏది మాలిన్యం మాట? ఈ రంగంలో నిజాయితీకి కొలబద్ద ఈ ప్రశ్నే అనాలి. ఎన్ని సిద్ధాంత వ్యాసాలు వచ్చినా, దీన్ని దాటేయకుండా తలపడినవాళ్ల పనే నిలబడుతోంది.

తగాదా కూడా దీని చుట్టూనే. స్పిన్‌లను కదిలించడానికి కనీస శక్తి ఏమైనా కావాలా, అక్కర్లేదా? ఆక్సిజన్-17 కేంద్రకాల అయస్కాంత స్పందనను బట్టి చేసే ఎన్ఎంఆర్ కొలతల్లో 2015లో ఒక బృందం కావాలంది. అదే పద్ధతితో 2020లో నేచర్ ఫిజిక్స్‌లో వచ్చిన వ్యాసం అక్కర్లేదంది. దాని మొదటి రచయిత ఐఐటీ మద్రాసుకు చెందిన పంచానన్ ఖుంటియా. ఇద్దరివీ జాగ్రత్తగా చేసిన కొలతలే. చోటు తప్పిన రాగి పక్కన పడే సంకేతాన్ని అసలు సంకేతం నుంచి ఎలా వేరు చేశారన్న దగ్గరే దారులు చీలాయి.

అందుకే ఇప్పుడు చూపు జింక్ బార్లోవైట్ అనే మరో పదార్థం మీదికి మళ్లింది. ఇందులోనూ రాగి కగోమే పొరలే, కానీ పొరల మధ్య తప్పు రాగిని ఇంకా తగ్గించవచ్చు. దీనిలోని ఫ్లోరిన్‌కు క్వార్ట్జ్ పడదు. స్ఫటికం పెంచేవాళ్లు గొట్టాన్ని పక్కనపెట్టి, లోపల టెఫ్లాన్ తొడుగున్న ఉక్కు పాత్రలతో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు.