ఆ గంట ఎవరిస్తారు?

ఈ వారం చింతలపూడిలో ఓ ఆఫీసుకి వెళ్లాను. కంప్యూటర్ తెరమీద ‘అప్‌డేట్ వచ్చింది, రీస్టార్ట్ చేయండి’ అని కనిపించింది. ఆపరేటర్ కుర్రాడు అటు చూడకుండానే ‘తర్వాత’ నొక్కేశాడు. నాకు ఒళ్లు మండింది. అప్‌డేట్ వచ్చిన రోజే వేసుకోమని నేనెన్నిసార్లు రాశానో ఈ కాలమ్ చదివేవాళ్లకి తెలుసు. ఉండబట్టలేక అడిగేశాను.

‘కొత్త విండోస్ వేయించినప్పుడు పాత స్కానర్ పలకలేదండి. మెకానిక్ వచ్చి పాతదేదో మళ్లీ ఆన్ చేసి వెళ్లాడు. అప్పట్నించీ దేన్నీ ముట్టుకోవట్లేదండి’ అన్నాడు.

ఆ ‘పాతదేదో’ ఏమిటో చూశాను. విండోస్ ఫీచర్స్ జాబితాలో ఎస్‌ఎంబీ 1.0 పక్కన టిక్కు! కంప్యూటర్లు ఒకదాని ఫైళ్లు ఇంకొకటి అందుకోవడానికి వాడే పద్ధతి అది. ఆ పాత స్కానర్ స్కాన్లు పంపేదీ దీంతోనే. 2017లో వనాక్రై అనే కంప్యూటర్ పురుగు చొరబడింది ఈ దారినే.

ఎస్‌ఎంబీ సర్వర్ నడిచేది కెర్నల్‌లో, అంటే యంత్రం మీద సర్వాధికారాలూ ఉన్నచోట. వనాక్రై వాడుకున్న లోపమూ అక్కడే. అందుకే ఎవరూ ఏ మెయిలూ తెరవక్కర్లేకుండా, 445 పోర్టు తెరిచి ఉంటే చాలు, పురుగు ఒక యంత్రం నుంచి ఇంకోదానికి పాకింది. ఆ లోపాన్ని సరిచేసే ప్యాచ్‌ని మైక్రోసాఫ్ట్ ఆ ఏడాది మార్చి 14నే ఇచ్చింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ ముఠా దాడి కోడ్‌ను బయటపెట్టింది. మే 12న, శుక్రవారం, వనాక్రై విరుచుకుపడింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖ, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్లు దాని బారిన పడ్డాయి. అది ఫైళ్లకి తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టమంది. ప్యాచ్ చేతికొచ్చి అప్పటికి రెండు నెలలు.

ఆ రెండు నెలలూ బద్ధకమేననుకోవడం తేలిక. కానీ మే నెలలో, నూజివీడు రసాలు లారీలకెక్కే రోజుల్లో, కాటా దగ్గరి కంప్యూటర్‌ని గంటసేపు ఆపమంటే ఏ యజమాని ఒప్పుకుంటాడు? ఆ టిక్కు తీసినా రీస్టార్ట్ చేయాల్సిందే. చింతలపూడిలోనూ అంతే, ఆ కుర్రాడి ముందు జనం బారులు తీరి ఉన్నారు. యంత్రం ఆగితే మాట పడేది అతనే.

కాబట్టి ఈసారి నా మాట యజమానులతో. స్కాన్లు పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోనివ్వండి, లేదంటే స్కానర్ మార్చండి. ఎస్‌ఎంబీ ఒకటిని తీసేయించండి. బయటి నుంచి 445కి దారి మూయించండి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్‌లు అమెరికాలో నెలకి రెండో మంగళవారం వస్తాయి, మనకి బుధవారం తెల్లారేసరికి అందుతాయి. ఆ బుధవారం గంటసేపు కౌంటర్ మూసి ఉంటుందని బోర్డు రాయించండి. కింద సంతకం మీది పెట్టండి, ఆపరేటర్‌ది కాదు.