'ఇండియన్ ఒపీనియన్' పత్రికయు, నేటాలు తెలుగువారును

దక్షిణాఫ్రికాలోని జాతివివక్ష నెదిరించిన పత్రికలను పేర్కొనునపుడు 'ఇండియన్ ఒపీనియన్' ముందుగా స్మరణకు వచ్చును. అది 1903 జూన్ 4వ తేదీన డర్బన్ నగరమున వెలువడినది. మన్‌సుఖ్‌లాల్ నాజరు తొలి సంపాదకుడు. ప్రాణము మాత్రము గాంధీ. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళము అను నాలుగు భాషలలో అది ప్రారంభమయ్యెను. అందు తెలుగు లేదు. ఈ లేమిని చిన్న విషయమని దాటిపోరాదు.

1860 నవంబరు 16న నేటాలు చేరిన మొదటి కూలీల ఓడ 'ట్రూరో' మద్రాసునుండి బయలుదేరినదే. 1911 వరకు ఒప్పందముపై పోయిన సుమారు 1,52,000 మందిలో అధికసంఖ్యాకులు ఆ రేవున ఎక్కినవారు. వారిలో తెలుగువారును పెక్కురు. అక్కడి వ్యవహారమున వీరందరును 'మద్రాసీ'లు. భారతీయులందరిని 'కూలీ' యను ఒక్క పేరున జమకట్టు తెల్లవారిని పత్రిక నిరసించెను గాని, తాను దక్షిణాదివారి నందరిని తమిళమున జమకట్టెను. తెలుగును కన్నడమును పక్కపక్కన వినవచ్చు ఆదవాని సీమలో, పెద్దకడుబూరు వంటి ఊళ్లవారికి, పొరుగుభాష అర్థమగుట వేరనియు, తమ కష్టము తమ మాటలో అచ్చుపడుట వేరనియు చెప్పనక్కరలేదు.

ఆ తమిళమైనను నిలువలేదు. 1906లో తమిళ హిందీ భాగములు ఆగిపోయెను. అవి పేరునకు మాత్రమే నడచుచున్నవనియు, కొనసాగించుట వంచన యగుననియు తలచి మానితినని గాంధీ ఆత్మకథలో ఒప్పుకొనెను. ఈ నిజాయితీ మెచ్చదగినది. ఫలితము మాత్రము వేరు. మిగిలిన ఇంగ్లీషు ప్రభుత్వమునకును, గుజరాతీ ముఖ్యముగా వర్తకులకును వినిపించును. ఒప్పందము తీరి అక్కడనే నిలిచిన కూలీపై మూడు పౌనుల పన్ను పడినది. ఆ పన్నును గూర్చిన వాదము వాని చెవికి చేరవలసినది నోటిమాటగానే. 1913లో న్యూకాసిల్ బొగ్గుగనులలో పని మానినవారిలో చదువురాని వారెందరో ఉండిరి. మరుసటి యేట ఆ పన్ను రద్దయ్యెను.

ఇంతకంటె కఠినమైన ప్రశ్న యొకటి కలదు. తొలి సంవత్సరములలో ఈ పత్రిక భారతీయులను ఆఫ్రికనులతో ఒక్క వర్గముగా చేర్పవద్దని కోరెను. వారిని తక్కువచేయు పేరుతోనే పిలిచెను. తెల్లవారు కట్టిన కంచెను కూల్చ బూనినది, ఆవలి ప్రక్క మరియొక కంచె నడిగినట్లయ్యెను. కాలదోషమని సమర్థించుట సులభము. కాని అదే 1903లో, అదే నేటాలులో, జాన్ డూబె జులూ భాషలోను ఇంగ్లీషులోను 'ఇలాంగా లాసె నేటాల్' పత్రికను స్థాపించెను. 1904లో గాంధీ నెలకొల్పిన ఫీనిక్సు ఆశ్రమమునకు డూబె విద్యాలయము పొరుగుననే యున్నది. కనుక కొలబద్ద మన కాలమునుండి తేనక్కరలేదు, అక్కడనే కలదు.

ఆంధ్ర మహాసభ దక్షిణాఫ్రికాలో 1931లో వెలసినది. 'ఇండియన్ ఒపీనియన్' 1961లో ఆగినది. నేటాలు తెలుగువారిని గూర్చి పరిశోధింపబూనువారు 1903 మొదలు 1906 వరకు గల తమిళ పుటలను ముందుగా తిరుగవేయవలెను: తెలుగు ఇంటిపేర్లు అందు ఏ వ్రాతలో, ఏ సందర్భమున కనబడునో చూడవలెను.